మనిషిని చూస్తే పారిపోవాలి

వెటర్నరీ కాలేజీలో చదువు ముగించిన పిల్లలు అప్పుడప్పుడు నాచారంలోని మా ఇంటికి వస్తుంటారు. వన్యప్రాణుల కేంద్రంలో ఉద్యోగం దొరికిందని, పని ఎలా ఉంటుందో చెప్పమని అడుగుతారు. మాటల మధ్యలో ఫోన్ తీసి ఫోటోలు చూపిస్తారు. ఒకదాంట్లో చిరుత పిల్లకు సీసాతో పాలు పడుతున్న డాక్టరు ఉంటాడు. ఇంకోదాంట్లో డాక్టరమ్మ మెడను కరచుకున్న కోతిపిల్ల. నాకు ముచ్చట వేయదు. ఆ పిల్ల ఇక బతుకంతా బోనులోనే గడపాలేమోనని గుబులు వేస్తుంది.

నేను అలాంటి కేంద్రంలో పాతికేళ్లకు పైగా డాక్టరుగా పనిచేశాను. ఉప్పల్ దాటి, వరంగల్ రోడ్డు నుంచి కాస్త లోపలికి పోతే మా గేటు. మావి రెండు పనులు. దెబ్బ తగిలినవాటిని, దారి తప్పి ఊళ్లోకి వచ్చినవాటిని, దొంగతనంగా అమ్ముతుంటే పట్టుబడినవాటిని తెచ్చి బాగుచేసి పంపడం ఒకటి. అడవిలో తగ్గిపోతున్న జంతువులను పెంచి, పిల్లలు పుట్టించి, తిరిగి అడవికి చేర్చడం రెండోది. వినడానికి గొప్పగా ఉంటుంది. రోజూ చేసేది మాత్రం పొద్దున్నే పెంటికలు చూడటం, తినకుండా వదిలేసిన మేత తూకం వేయడం, నీళ్ల తొట్టి కడిగారో లేదో చూడటం. జంతువును చేత్తో ముట్టుకునే రోజులు నెలకు నాలుగైదు ఉంటాయేమో. అసలు ముట్టుకోకుండా గడిచిన నెలే మంచి నెల అని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ప్రమోషన్లు, బదిలీలు అందరి ఉద్యోగాల్లోనూ ఉంటాయి. వాటి జోలికి పోను. నాకు పని నేర్పిన ఐదు సంగతులు చెబుతాను. వాటిలో రెండు నా తప్పులే.

షెడ్డు పైకప్పులో మూడు పిల్లలు

చేరిన మొదటి ఏడాది. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ప్లాస్టిక్ డబ్బాలు తయారుచేసే ఒక షెడ్డు నుంచి సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు.

"మేడమ్, పైన రేకుల కింద ఏదో జానవర్ పిల్లల్ని వెట్టింది. పనోళ్లు భయపడుతున్నరు. జర జల్ది రండ్రి."

నిచ్చెన ఎక్కి చూస్తే అట్టపెట్టెల మీద మూడు పునుగుపిల్లి పిల్లలు. అప్పుడే కళ్లు తెరిచినట్టున్నాయి. తల్లి లేదు.

"తల్లిని కట్టెలతోని తరిమినం. ఇగ రాదు మేడమ్," అన్నాడు సూపర్‌వైజర్.

నేను నమ్మాను. పిల్లలను బుట్టలో పెట్టుకుని స్కూటర్ మీద బయలుదేరాను. దారి పొడుగునా ఏదో ఘనకార్యం చేసినంత సంతోషం. మూడు గంటలకోసారి సీసాతో పాలు పట్టి మూడింటినీ బతికించాను. చూసిన ప్రతివాళ్లూ మెచ్చుకున్నారు. నా చెప్పుల చప్పుడు వినగానే అవి గోల చేస్తూ తలుపు దగ్గరికి వచ్చేవి. అందుకు మురిసిపోయాను కూడా.

ఏడాదికి అడవికి తీసుకుపోయి బుట్ట తెరిచాం. మూడూ దిగి వచ్చి నా పాదాల దగ్గర కూర్చున్నాయి. వెనక్కి తెచ్చి, కొన్నాళ్లు ఆగి మళ్లీ వదిలాం. ఈసారి రెండు అక్కడక్కడే తచ్చాడుతూ దొరికాయి. మూడోది మనుషులు కనిపించేసరికి పక్క ఊళ్లోకి నేరుగా నడిచి వెళ్లింది. మీదికి వస్తుందనుకుని ఎవరో కట్టెతో కొట్టారు. దానికి మనిషంటే పాలసీసా అని నేర్పింది నేనే. ఆ ఊరివాళ్లను ఏమని నిందించను? మిగిలిన రెండూ మా దగ్గరే బోనులో ముసలివై పోయాయి.

చచ్చిన పిల్లను పాతిపెట్టిన రోజు మా కీపర్ మల్లేశం నోరు విప్పాడు. మల్లేశం నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. అచ్చంపేట వైపు అడవి పక్క ఊరు. చిల్కానగర్‌లో అద్దెకు ఉండేవాడు. ఐదో తరగతితో చదువు ఆపేశాడు.

"పిల్లలున్న కాడికి తల్లి రాకుంట ఉంటదా డాక్టరమ్మా? ఒక్క దినం ఎవ్వలూ పోకుంట ఇడిస్తే అదే వచ్చి ఎత్కపోవు."

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు మల్లేశం?"

"మీరు అడగలే గద."

నిజమే, అడగలేదు. ఐదేళ్లు చదివి పట్టా తెచ్చుకున్నదాన్ని, చీపురు పట్టుకున్న మనిషిని ఏం అడగాలి అనుకున్నాను. కొత్తగా చేరే డాక్టర్లకు నా మొదటి మాట ఇదే. మీరు వారానికి రెండుసార్లు చూసే జంతువును కీపర్ రోజుకు రెండు పూటలా చూస్తాడు. పొద్దున్నే గేటు దాటగానే ఆయన్ని అడగండి. ఆ తర్వాతే మీ గదిలోకి పోండి.

మొదటి కాన్పు

కొన్నేళ్లకు మూషిక జింకలను పెంచే పని మాకు అప్పగించారు. కుందేలు కంటే కాస్త పెద్దగా ఉంటుంది. ఒంటి మీద తెల్లటి చుక్కలు, చారలు. కొమ్ములు ఉండవు, మగదానికి చిన్న కోరలుంటాయి. రాళ్ల సందుల్లో, చెట్టు తొర్రల్లో దాక్కుని బతుకుతుంది. అంత పిరికి జంతువును నేను ఇంకొకటి చూడలేదు. ఆరింటిని ఇచ్చారు, రెండు మగ, నాలుగు ఆడ.

రెండేళ్లు గడిచినా ఒక్కటీ ఈనలేదు. మేత మార్చాను, మందులు మార్చాను. ఒక సాయంత్రం ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ గెలిచారని చుట్టుపక్కల పటాకులు పేల్చారు. బెదిరిన ఆడ జింక ఒకటి పోయి కంచెకు కొట్టుకుంది. దవడ విరిగింది. దానికి కట్టు కడుతుంటే మల్లేశం పక్కన నిలబడ్డాడు. ఈసారి అడిగాను.

"ఏం చేద్దాం మల్లేశం?"

"గీ దొడ్డి మీరు సూడనీకి మంచిగున్నది, దానికి దాక్కోనీకి జాగ లేదు. నన్ను ఎండుటాకులు తెచ్చి పొయ్యనియ్యిండ్రి."

శుభ్రంగా ఊడ్చి ఉంచడమే మంచి పద్ధతి అని నేను చదువుకున్నాను. ఆయన బండెడు ఎండుటాకులు తెచ్చి మోకాలి లోతున పోశాడు. బోలుగా ఉన్న మొద్దులు పడేశాడు. కంచె చుట్టూ గోనెపట్టాలు కట్టాడు. వారం తిరిగేసరికి జింకలు మాకు కనబడటమే మానేశాయి. ఆ ఏడాదే ఒక ఆడది చూలు కట్టింది.

పిల్ల పుట్టిన పొద్దున నాకు కాలు నిలవలేదు. అరచేతిలో పట్టేంత పిల్ల. ఆ సంతోషంలో అందరినీ నేనే పిలిచాను. ఆఫీసువాళ్లు, వాళ్ల ఇళ్లవాళ్లు, ఇద్దరు ముగ్గురు ఫోటోలు తీసేవాళ్లు వచ్చారు. నేను రోజూ లోపలికి పోయి పిల్లను పట్టి తూకం వేశాను. మూడో రోజు తల్లి మూలకు పోయి నిలబడింది, పిల్లను దగ్గరికి రానివ్వలేదు. ఐదో రోజు పిల్ల చచ్చిపోయింది.

రిపోర్టులో "పుట్టుకతో బలహీనత" అని రాశాను. డైరెక్టర్ సుబ్రహ్మణ్యం గారు చదివి సంతకం పెట్టారు. ఆయన గుంటూరు వైపు మనిషి, వచ్చి ఆరు నెలలే అయింది.

మధ్యాహ్నం అన్నం తినేవేళ మల్లేశం నా బల్ల దగ్గరికి వచ్చాడు. కూర్చోలేదు.

"అది బలం లేక సావలే డాక్టరమ్మా. మనం సూడంగ సూడంగ సచ్చింది. ఎట్ల పాలిస్తది అది, గంతమంది మీద వడ్తుంటే?"

డబ్బా మూత పెట్టేశాను. పిల్ల పొట్ట కోసి చూసింది నేనే. అందులో ఒక్క చుక్క పాలు లేవు. ఆ సంగతి రాసినా, ఎందుకు లేవో రాయలేదు. ఇంటికి పోయినా, ఆదివారం చర్చిలో కూర్చున్నా అదే కళ్లముందు ఆడింది. సోమవారం డైరెక్టర్ గదికి పోయాను.

"సార్, రిపోర్టు తప్పు. పిల్ల నా వల్ల చచ్చింది."

ఆయన కళ్లజోడు తీశారు. "సంతకం పెట్టి పంపిన కాగితమండీ అది. మార్చారంటే మిమ్మల్ని నలుగురూ నాలుగు మాటలు అంటారు. తెలుసా?"

"తెలుసు సార్."

ఆయన ఆ రిపోర్టు తీసి నా ముందుకు జరిపారు. "పాతది కొట్టెయ్యకండి. అలాగే ఉండనివ్వండి. దాని కింద ఏం జరిగిందో, ఎవరు చేశారో మొత్తం రాయండి. మీ తర్వాత వచ్చేవాళ్లు రెండూ చదువుకోవాలి."

రాశాను. నలుగురూ నాలుగు మాటలు అన్నారు కూడా. కానీ నా సర్వీసులో నేను రాసినవాటిలో నాకు గర్వంగా అనిపించే కాగితం అదొక్కటే.

గేటు దగ్గర

అదే జింక మళ్లీ కట్టింది. ఈసారి డైరెక్టర్ గారు, మల్లేశం, నేను ముగ్గురం కూర్చుని నిబంధన పెట్టుకున్నాం. ఆ దొడ్డిలోకి రోజుకు ఒక్కసారి, ఒక్క మల్లేశమే పోవాలి. ఎప్పుడూ అదే చొక్కా వేసుకోవాలి, మాట్లాడకూడదు. నేను కూడా పోకూడదు. డాక్టరునైన నన్నే బయట నిలబెట్టే నిబంధన నేనే రాసుకున్నాను.

పిల్ల పుట్టిన నాలుగో రోజు పెద్ద హోదాలో ఉన్న ఒకాయన కుటుంబంతో రెండు కార్లలో దిగారు. అరుదైన జింక పిల్ల పుట్టిందట, చూపించండి అన్నారు. సుబ్రహ్మణ్యం గారు గేటు దగ్గరికి నడిచి వెళ్లారు. నేను వెనకే ఉన్నాను.

"చూపించలేనండీ. తల్లి బెదిరిపోతుంది."

"రెండు నిమిషాలు. దూరం నుంచి చూసి పోతాం."

"దూరం నుంచి కూడా కుదరదండీ."

ఆయన ముఖం ఎర్రబడింది. "నేనెవరినో మీకు తెలిసినట్టు లేదు."

"తెలుసండీ. తెలిసే చెబుతున్నాను. మా డాక్టరుగారిని కూడా లోపలికి పోనివ్వటం లేదు, అడగండి కావాలంటే."

నేను తల ఊపాను. కార్లు వెనక్కి తిరిగాయి. గంటలో ఫోన్లు మొదలయ్యాయి. సుబ్రహ్మణ్యం గారి గదిలోంచి "అవునండీ... నేనేనండీ... రాతపూర్వకంగానే ఇస్తానండీ" అనే మాటలే వినిపించాయి. సాయంత్రం నా గదికి వచ్చి మంచినీళ్లు అడిగారు.

"డాక్టరుగారూ, ఆ పిల్ల బతకాలండీ. బతక్కపోతే ఇద్దరం సామాన్లు సర్దుకుందాం."

అప్పటిదాకా నాకు ఆయన మెతక మనిషిగా కనబడ్డారు. నేను చాలామంది డైరెక్టర్ల కింద పనిచేశాను. కొందరు బోర్డులకు రంగులు వేయించారు, కొందరు రోజూ మీటింగులు పెట్టారు. జంతువు తరఫున గేటు దగ్గర నిలబడి 'కాదు' అన్న మనిషి ఈయన ఒక్కరే. మీరు రేపు పెద్ద కుర్చీలో కూర్చుంటే, మీ నుంచి కింది ఉద్యోగులు కోరుకునేది ఆ ఒక్క మాటే.

పన్నెండో రోజు మల్లేశం నన్ను పిలిచి, గోనెపట్టాకు ఉన్న చిన్న చిరుగు దగ్గర నిలబెట్టాడు. ఊపిరి బిగబట్టి చూశాను. తల్లి ఒక వెనక కాలు పైకెత్తి మూడు కాళ్ల మీద నిలబడి ఉంది. ఆ ఎత్తిన కాలి కింద దూరి పిల్ల పాలు తాగుతోంది. ఈ జింకలు అలాగే పాలిస్తాయని పుస్తకంలో చదివాను. కళ్లతో చూడటం అదే మొదలు. ఒక నిమిషం చూసి వచ్చేశాను. ఆ పిల్ల బతికింది. తర్వాత ఏటా పుడుతూనే వచ్చాయి.

మళ్లీ నాచారం

ఆ రోజుల్లోనే నాచారం నుంచి ఇంకో ఫోన్. వేరే షెడ్డు. అక్కడా పునుగుపిల్లి పిల్లలే, మూలన అట్టపెట్టెలో రెండు. నేను బుట్ట తీసుకుపోలేదు. మల్లేశాన్ని తీసుకుపోయాను.

షెడ్డు ఓనర్ విసుక్కున్నాడు. "తీస్కపోండ్రి మేడమ్. గీ మూలకు నాకు పని ఉన్నది."

"రేపు పొద్దుటిదాకా ఈ మూలకు ఎవరూ రాకూడదు. తల్లి వచ్చి తీసుకుపోతుంది."

"రాకపోతే?"

"రాకపోతే నేనే వచ్చి తీసుకుపోతాను."

"మీకు గింత నమ్మకం ఏందో!" అని గొణుక్కుంటూనే ఆ వైపు లైటు తీయించి, పనివాళ్లను పంపేశాడు. మర్నాడు పొద్దున ఏడింటికి ఆయనే ఫోన్ చేశాడు. గొంతులో పండగ ఉంది.

"మేడమ్, పెట్టె ఖాళీ! రెండిటిని తీస్కపోయింది తల్లి! నేనే ఫస్ట్ సూసిన!"

పాలు పట్టలేదు, సూది వేయలేదు, ఫోటో లేదు. ఆ రోజు నేను చేసిందల్లా ఏమీ చేయకుండా ఉండటం. చెబితే నమ్ముతారో లేదో, మూడు పిల్లలను బతికించిన రోజు కంటే ఆ రోజే ఎక్కువ పని చేసినట్టు అనిపించింది.

అడవి లోపలి కంచె

మల్లేశం రిటైరయ్యే ఏడాది జింకలను అడవికి పంపే పని మొదలైంది. ఎనిమిదింటిని ఎంచాం. గుర్తు కోసం ఒక్కోదానికి చెవి అంచున చిన్న గాటు పెట్టాం. నేరుగా వదలకుండా అడవిలోనే పెద్ద కంచె వేసి నాలుగు నెలలు అందులో ఉంచాం. మేత గిన్నెలో పెట్టకుండా చెట్ల కింద చల్లించాం. కాయలు ఎక్కడ రాలుతాయో అవే వెతుక్కోవాలి.

తలుపు తీసే రోజు ఫంక్షన్ పెడదామని పైనుంచి అడిగారు. వద్దన్నాం. పొద్దున మల్లేశం, నేను, అక్కడి వాచర్ నాగయ్య, ముగ్గురమే ఉన్నాం. తలుపు తీసి పక్కకు నిలబడ్డాం. అరగంటైనా ఒక్కటీ రాలేదు.

"మనం పోదాం డాక్టరమ్మా," అన్నాడు మల్లేశం. "మనం ఉన్నంత సేపు అవి రావు."

"చూడాలని లేదా నీకు? ఇన్నేళ్లు పెంచావు."

"ఉన్నది. అయినా పోదాం."

నాలుగడుగులు వేశామో లేదో వెనక ఆకుల్లోంచి టకటకమని చప్పుడు. భయం వేస్తే ఈ జింకలు కాళ్లతో నేలను అలా కొడతాయి. మల్లేశం నవ్వాడు. "మనల్నే తిడ్తున్నయ్. పొండ్రి పొండ్రి అంటున్నయ్." నవ్వుతూనే భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. వెనక్కి తిరిగి చూడకుండా జీపు దాకా నడిచాం.

తర్వాతి నెలలు బాగా గడవలేదు. రెండింటిని ఏదో వేటాడిందని నాగయ్య చెప్పాడు. మిగిలినవి కనబడలేదు. మీటింగుల్లో నన్ను నిలబెట్టి అడిగేవారు, ఎనిమిదింటిని పోగొట్టుకున్నట్టేనా అని. తెలియదు సార్ అనేదాన్ని. తెలియదు అనడం నేర్చుకోండి. ఈ వృత్తిలో అది చాలాసార్లు చెప్పాల్సి వస్తుంది. చెప్పలేనివాళ్లే లేని కథలు రాస్తారు.

అప్పటికి మల్లేశం రిటైరై ఇంటిపట్టున ఉంటున్నాడు. ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం నేను ఉప్పల్ మెట్రో దిగి మెట్లు దిగుతుంటే నాగయ్య ఫోన్ చేశాడు.

"అమ్మా, అడవిల కెమెరా పెట్టినం గద, దాంట్ల ఫోటో వడ్డది. మీకు పంపిన, సూసిన్రా?"

మెట్ల మీదే ఆగి కళ్లజోడు వెతుక్కున్నాను. జనం తోసుకుంటూ పోతున్నారు. ఫోటోలో తడి ఆకుల మధ్య మూషిక జింక, చెవి అంచున మేము పెట్టిన గాటు. వెనక కాలు ఒకటి పైకి ఎత్తి ఉంది. ఆ కాలి కింద ఒక చిన్న ముట్టె. పిల్ల చెవులు రెండూ నిండుగా, ఏ గాటూ లేకుండా ఉన్నాయి.

ఇంటికి పోలేదు. ఆటో ఎక్కి చిల్కానగర్ పోయాను. మల్లేశం గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాడు. ఏమీ చెప్పకుండా ఫోన్ చేతికిచ్చాను. దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది మన దొడ్ల పుట్టింది గాదు గద?"

"కాదు. అడవిలోనే పుట్టింది."

"ఎవ్వలు సూడలే?"

"ఎవరూ చూడలేదు. కెమెరా ఒక్కటే చూసింది."

మల్లేశం ఇంట్లోకి తిరిగి కేక వేశాడు. "ఏమే, డాక్టరమ్మ వచ్చింది, చాయ్ వెట్టు. మాకు మనుమడు పుట్టిండు. మొకం సుత సూపియ్యకుంట పుట్టిండు."